మందు కొలత నుంచి స్ప్రింగు బిగువు దాకా: మన పాళేల తుపాకి, మన పిల్లల రైఫిలు



ఈసారి వ్యాసం కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి. అన్నూరు, అవినాశి, కోయంబత్తూరు వైపు మన ఇళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు రైఫిల్ క్లబ్బులకు వెళ్తున్నారు. కాలేజీలో ఎన్‌సీసీ చేసిన పెద్దవాళ్లు మన సంఘంలో ఎటూ ఉన్నారు. వీళ్లు కలిసినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఒక పెట్టెలోని తూటాలతో చక్కగా పనిచేసే .22 ఇంకో పెట్టె తూటాలు వేయగానే ఎందుకు మొరాయిస్తుంది? బోల్టు వెనక ఉన్న స్ప్రింగు మారిస్తే చాలా? కత్తిరిస్తే ఏమవుతుంది?

ఇది మెకానిక్ ప్రశ్నలాగే కనిపిస్తుంది కానీ దీని వెనక మన చరిత్ర కూడా ఉంది. తుపాకిని తూటాకు సర్దడం అన్నది తుపాకి పుట్టిన నాటి నుంచీ ఉన్న పని. ఒకప్పుడు ఆ సర్దుబాటు కాల్చేవాడు పోసే మందులో ఉండేది. మందును ఫ్యాక్టరీలో ఇత్తడి డొప్పలో పోసి మూసేశాక అది స్ప్రింగులోకి వెళ్లింది. ఈ రెండింటి మధ్య మన చేతిలోంచి తుపాకే పోయింది. ఆ కథ వరుసగా చెప్పుకుందాం.

మందు మన చేతిలో ఉన్న రోజులు

విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలో తెలుగువాళ్లు ఈ ప్రాంతానికి గుంపులు గుంపులుగా వచ్చారు. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురైలో కుదురుకున్నాక, దళవాయి అరియనాథ ముదలియార్ సాయంతో దేశాన్ని 72 పాళేలుగా విభజించాడని మనమందరం చిన్నప్పటి నుంచి వింటున్నదే. పాళెం అంటే సైన్యం విడిది. పాలెగాడు పన్ను వసూలు చేసేవాడు, ఊరి కాపలా చూసేవాడు, రాజు పిలిస్తే మనుషులతో, ఆయుధాలతో వెళ్లేవాడు. ఆ ఆయుధాల్లో కత్తి, బల్లెంతో పాటు వత్తి తుపాకి కూడా ఉండేది.

వత్తి తుపాకి పనితీరు తెలుసుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. గొట్టం మూతి నుంచి మందు పోయాలి. దాని మీద గుడ్డ పీలికో పీచో పెట్టి చువ్వతో కూరాలి. తర్వాత సీసపు గుండు వేయాలి. పక్కన చిన్న పళ్లెంలో చిటికెడు మెత్తటి మందు పెట్టి, కాలుతున్న వత్తిని దాని మీదికి వంచాలి. పళ్లెంలో మంట లేచి సన్నటి రంధ్రం గుండా లోపలికి పోతుంది.

ఈ తుపాకిలో స్ప్రింగు సర్దాల్సిన పనే లేదు. వెనక భాగం ఇనుముతో పూర్తిగా మూసి ఉంటుంది, కాల్చాక తెరుచుకునేదేమీ లేదు. కానీ సర్దుబాటు మాత్రం ప్రతి గుండుకూ ఉంది. సురేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరిన మందు ఊరికో తీరుగా ఉండేది. బొగ్గు ఏ చెట్టుదో, సురేకారం ఎంత శుభ్రమో, వానాకాలంలో ఎంత చెమ్మ పట్టిందో, దాన్ని బట్టి బలం మారేది. తెలిసిన మనిషి కొత్త మందు రాగానే కొద్దిగా పోసి కాల్చి చూసి కొలత పెంచుకునేవాడు. తెలియనివాడు ఒకేసారి ఎక్కువ పోసి గొట్టం పగలగొట్టుకునేవాడు. తుపాకి మారదు, మందే దానికి తగ్గట్టు మారాలి. ఈ వివేకం పుస్తకాల్లో ఉండేది కాదు, చేతిలోనే ఉండేది.

మన అన్నూరు మీదుగా సత్యమంగలం వెళ్లే దారి ఆ రోజుల్లో సైన్యాలు తిరిగిన నేలలోదే. మైసూరు మీది నుంచి గజ్జలహట్టి కనుమ దిగితే ముందు వచ్చేది సత్యమంగలం. 1790 సెప్టెంబరులో టిప్పు సుల్తాను ఆ కనుమ గుండానే దిగి, సత్యమంగలం దగ్గర కర్నల్ ఫ్లాయిడ్ దళాన్ని కొట్టాడు. ఫ్లాయిడ్ ఫిరంగులు కొన్ని వదిలేసి కోయంబత్తూరు వైపు వెనక్కి తగ్గాడు. అప్పటికే రెండు పక్షాల సిపాయిల చేతుల్లో వత్తి పోయి చెకుముకి తుపాకులు వచ్చాయి. శ్రీరంగపట్నంలో టిప్పు సొంతంగా తుపాకులు చేయించేవాడు. పాళేల్లో మాత్రం ఇంకా ఎక్కువగా వత్తి తుపాకులే. ఆ తేడా పదేళ్లలో మన ముందుకు వచ్చింది.

1799 నుంచి 1801 దాకా

ఆ పదేళ్లలో ఏం జరిగిందో మనకు తెలుసు. 1799 మే నెలలో శ్రీరంగపట్నం పడిపోయి కోయంబత్తూరు కుంఫిణీ చేతికి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచి మీదికి వెళ్లాడు. అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీశారు. వెంటనే పాలెగాళ్లందరికీ ఆజ్ఞ వచ్చింది: కోటలు కూల్చాలి, ఆయుధాలు అప్పగించాలి.

1800 జూన్ 3న కోయంబత్తూరు సైనిక శిబిరం మీద దాడి చేయాలని విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుడు, ఆయనతో కలిసినవాళ్లు పథకం వేశారు. ముందే బయటపడి పథకం విఫలమైంది. పట్టుబడిన 42 మందిని ఉరితీశారు. మన జిల్లా చరిత్రలో ఈ తేదీకి దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదు.

1801 ఫిబ్రవరిలో ఊమైదురై పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, కూల్చేసిన పాంచాలంకురిచి కోటను మళ్లీ మట్టితో లేపాడు. మార్చి 31న కుంఫిణీ సైన్యం చేసిన మొదటి దాడి విఫలమైంది. ఆ యుద్ధంలో ఉన్న జేమ్స్ వెల్ష్ అనే అధికారి తర్వాత తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ పోరాటాన్ని వివరంగా రాశాడు. ఎదురుగా ఉన్నవాళ్ల పొడవాటి బల్లేలు, వాళ్ల మొండి ధైర్యం శత్రువైన అతనికి కూడా గుర్తుండిపోయాయి. పెద్ద ఫిరంగులు తెచ్చాకే మే 24న కోట పడింది.

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటన వచ్చింది. పాలెగాళ్లకు కోటలు ఉండకూడదు, ఆయుధాలు ఉండకూడదు. పాళేలు జమీలయ్యాయి, పాలెగాడు జమీందారు అయ్యాడు. తుపాకి పట్టిన మన చేతులు ఏం చేశాయో మనకు తెలుసు. నల్లరేగడిలో పత్తి వేశాయి, బావులు తవ్వాయి, మోట తోలాయి, ఆ తర్వాత మిల్లులు కట్టాయి.

1878లో ఆయుధాల చట్టం వచ్చి దేశమంతటా లైసెన్సు తప్పనిసరి చేసింది. యూరోపియన్లకు మాత్రం అప్పట్లో మినహాయింపు ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత 1959 చట్టం ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చింది. ఇందులో ఒక సంగతి రైతు కుటుంబాలకు ఆసక్తిగా ఉంటుంది. మూతి నుంచి మందు కూరే తుపాకిని పంట రక్షణ కోసం లైసెన్సు మీద ఇవ్వొచ్చని 1959 చట్టంలో కూడా ఉంది. అంటే కూరుడు తుపాకి ఇరవయ్యో శతాబ్దపు చట్టంలో కూడా పేరు నిలుపుకుంది.

తూటా మూసుకుపోయిన కాలం

మన చేతిలో తుపాకి లేని ఆ వందేళ్లలోనే తుపాకి పూర్తిగా మారిపోయింది. 1807లో స్కాట్లండు పాదిరీ అలెగ్జాండర్ ఫోర్సిత్ దెబ్బ తగిలితే మండే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వత్తితో, చెకుముకి రాయితో పని పోయింది. 1845 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే ఆయన చిన్న ఇత్తడి టోపీలోనే గుండు బిగించి, ఇంట్లో గురి నేర్చుకునే తూటా చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ దాన్ని పెంచి .22 షార్ట్ తూటా తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్ తెచ్చింది. ఈరోజు క్లబ్బులో మన పిల్లలు కాల్చేది ఆ 1887 నాటి తూటానే.

.22 అంటే అంగుళంలో వందకు 22 వంతులు, దాదాపు 5.6 మిల్లీమీటర్లు. దీన్ని రిమ్‌ఫైర్ అనడానికి కారణం, పేలే రసాయనం డొప్ప అడుగున ఉన్న అంచు మడత లోపల ఉంటుంది. సూది ఆ అంచును నలిపితే పేలుతుంది. అంచు నలగాలంటే ఇత్తడి పల్చగా ఉండాలి. ఇత్తడి పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పనుంది.

ఇక కాల్చేవాడికి మందు కొలిచే హక్కు పోయింది. పెట్టె మీద ఏ పేరు ఉందో అదే బలం. తుపాకిని, తూటాను ఒకదానికొకటి సర్దాలంటే ఇక సర్దాల్సింది తుపాకినే.

బోల్టు, స్ప్రింగు, కొంచెం లెక్క

ఎన్‌సీసీలో మన పెద్దవాళ్లు కాల్చిన .22 లీ-ఎన్‌ఫీల్డ్ జాతికి చెందిన చేతి బోల్టు రైఫిలు. ఒక గుండు కాల్చాలి, చేత్తో బోల్టు తెరవాలి, ఖాళీ డొప్ప తీయాలి, ఇంకోటి పెట్టాలి. 1948లో ఎన్‌సీసీ మొదలైంది, 1963లో కాలేజీల్లో తప్పనిసరి అయింది, 1968 నుంచి మళ్లీ ఇష్టం మీదికి వచ్చింది. ఆ అయిదేళ్లలో చదివినవాళ్లు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ఆ రైఫిల్‌లో ముఖ్యమైన స్ప్రింగు సూదిని ముందుకు కొట్టేది. అది నీరసిస్తే అంచు సరిగా నలగదు, తూటా పేలదు. ఒక కంపెనీ తూటా పేలి ఇంకో కంపెనీది పేలలేదంటే, రెండో దాని అంచు కొంచెం గట్టిదన్నమాట. బోల్టును మనిషే కదుపుతాడు కాబట్టి తూటా బలం పెరిగినా తగ్గినా తెరవడం, మూయడంలో ఇబ్బంది రాదు.

తనంతట తాను తెరుచుకునే రైఫిలు, పిస్తోలు సంగతి వేరు. వీటిలో చాలావరకు .22లకు బోల్టును బిగించే తాళమే లేదు. తూటా వెనక బోల్టు ఊరికే ఆనుకుని ఉంటుంది. గుండు ముందుకు వెళ్లే తోపుకు సమానమైన తోపు డొప్ప మీదుగా బోల్టుకు తగులుతుంది. బోల్టు బరువైనది కాబట్టి మెల్లగా కదులుతుంది. అది వెనక్కి పోయేసరికి గుండు బారెల్ దాటిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. బోల్టు ఖాళీ డొప్పను విసిరేసి స్ప్రింగును నొక్కుకుంటూ చివరిదాకా వెళ్తుంది. తర్వాత స్ప్రింగు దాన్ని ముందుకు తోసి కొత్త తూటాను లోపలికి ఎక్కిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పేలిన క్షణంలో తలుపు మూసి ఉంచేది ప్రధానంగా బోల్టు బరువు, స్ప్రింగు కాదు. స్ప్రింగు పని ఆ తర్వాతిది: వెనక్కి వచ్చే బోల్టు వేగాన్ని మింగడం, తిరిగి ముందుకు పంపడం.

లెక్క చూద్దాం. మామూలు .22 లాంగ్ రైఫిల్ గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. సాధారణ వేగం తూటాలో అది సెకనుకు సుమారు 325 మీటర్లు వెళ్తుంది. అధిక వేగం తూటాలో సుమారు 380 మీటర్లు. బోల్టు 180 గ్రాములు అనుకుందాం. వాయువుల తోపు పక్కన పెడితే, మొదటి తూటాకు బోల్టు సెకనుకు 4.7 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. రెండోదానికి 5.5 మీటర్లు. తేడా 17 శాతమే. కానీ స్ప్రింగు మింగాల్సింది వేగాన్ని కాదు, శక్తిని. శక్తి వేగం వర్గం మీద పెరుగుతుంది. మొదటిదానికి దాదాపు 2 జౌళ్లు, రెండోదానికి 2.7 జౌళ్లు. అంటే 37 శాతం ఎక్కువ.

అందుకే పెట్టె మారితే తుపాకి ప్రవర్తన మారుతుంది. అధిక వేగం తూటాకు సరిపోయే గట్టి స్ప్రింగు పెట్టి మెల్లటి తూటా వేస్తే బోల్టు సగం దూరంలోనే ఆగుతుంది. ఖాళీ డొప్ప తలుపులో ఇరుక్కుంటుంది, లేదా కొత్త తూటా ఎక్కదు. మెత్తటి స్ప్రింగు పెట్టి బలమైన తూటా వేస్తే బోల్టు వెళ్లి వెనక గోడను కొడుతుంది. ఒకటి రెండుసార్లు కొడితే ఏమీ కాదు, వేలసార్లు కొడితే చట్రం పగులుతుంది. తలుపు మరీ తొందరగా తెరుచుకుంటే, లోపల ఒత్తిడి ఇంకా ఉండగానే ఆ పల్చటి ఇత్తడి అంచు చీలి వేడి వాయువు బయటికి చిమ్ముతుంది. కళ్లద్దాలు లేకుండా కాల్చొద్దని క్లబ్బులో అందుకే అంటారు.

తయారీదారులు వెతికిన దారులు

ఈ చిక్కుకు గత వందేళ్లలో ఎవరి దారి వాళ్లు వెతుక్కున్నారు.

1903లో వించెస్టర్ కంపెనీ తనంతట తాను ఎక్కించుకునే .22 రైఫిలు తెచ్చింది. అప్పట్లో మార్కెట్లో నల్లమందు తూటాలు, పొగలేని మందు తూటాలు రెండూ ఉండేవి. నల్లమందు మసితో బోల్టు నాలుగు గుండ్లకే బిగుసుకుపోయేది. అందుకని వాళ్లు ఆ రైఫిలుకు మాత్రమే సరిపోయే కొత్త కొలత తూటాను పొగలేని మందుతో చేశారు. వేరే తూటా అసలు లోపలికి పోదు. సర్దుబాటు అవసరం రాకుండా దారే మూసేశారు.

1930 ప్రాంతంలో అమెరికా కంపెనీలు అధిక వేగం .22 తూటాలు అమ్మడం మొదలుపెట్టాయి. 1915 నుంచి అమ్ముడవుతున్న కోల్ట్ ఉడ్స్‌మన్ పిస్తోలు మెల్లటి తూటాల లెక్కతో చేసింది. కొత్త తూటాల దెబ్బకు అది తట్టుకోవాలని 1932లో కోల్ట్ వెనక స్ప్రింగు కూర్చునే భాగాన్నే మార్చి గట్టిపరిచింది. పాత పిస్తోలును, కొత్త పిస్తోలును పట్టుకునే చోట గీతల నమూనా చూసి వేరు చేయొచ్చు. 1933లో వించెస్టర్ తెచ్చిన మోడల్ 63 రైఫిలు బారెల్ మీద అధిక వేగం తూటాల పేర్లే చెక్కి ఉండేవి.

1941లో రెమింగ్టన్ మోడల్ 550 ఇంకో దారి చూపించింది. తూటా కూర్చునే గదినే విడి ముక్కగా చేసి కొంచెం వెనక్కి జరిగేలా పెట్టారు. చిన్న తూటా వేసినా వాయువు ఆ ముక్క మీద పనిచేసి బోల్టుకు చాలినంత తోపు ఇస్తుంది. షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడూ ఒకే తుపాకిలో నడిచాయి.

మిగిలినవాళ్లది సాదా దారి. తూటాను బట్టి మెత్తటిది, గట్టిది వేరు వేరు స్ప్రింగులు పెట్టడం, లేదా స్ప్రింగు వెనక పల్చటి వాషరు వేసి మొదటి నొక్కుడు పెంచడం. పందెం పిస్తోళ్లు మెల్లటి తూటాల కోసమే మెత్తటి స్ప్రింగుతో వస్తాయి. అధిక వేగం తూటా వాడొద్దని వాటితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ఒలింపిక్ ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో 2004 చివరిదాకా .22 షార్ట్ తూటా నడిచేది. 2005 నుంచి నియమం మారి లాంగ్ రైఫిల్ తూటా వచ్చింది. ఒక్క నియమం మారడంతో పాత పిస్తోళ్లు పోటీకి పనికిరాకుండా పోయాయి. తయారీదారులు బోల్టు బరువు, స్ప్రింగు అన్నీ కొత్తగా లెక్క కట్టుకోవాల్సి వచ్చింది.

మన మిల్లులో ఇదే పాఠం

ఇది మనకు కొత్తగా ఉందా? మిల్లులో పనిచేసినవాళ్లకు ఉండకూడదు.

1888లో స్టేన్స్ మిల్లుతో కోయంబత్తూరులో నూలు మిల్లుల కాలం మొదలైంది. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టారు. 1930ల్లో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు వరుసగా లేచాయి. 1937లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి మన దేశపు మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేశారు. బాలసుందరం నాయుడుగారి టెక్స్‌టూల్ స్పిన్నింగు యంత్రాలే తయారు చేసింది. ఈరోజు అన్నూరు చుట్టూ ఎన్ని స్పిన్నింగు మిల్లులు ఉన్నాయో మనం చెప్పుకోనక్కర్లేదు.

రింగ్ ఫ్రేములో పైరోలరు పత్తి పోగును నొక్కి పట్టుకోవాలి. పాత రోజుల్లో ఆ నొక్కుడు కోసం కింద ఇనుప బరువులు వేలాడదీసేవాళ్లు. తర్వాత స్ప్రింగు ఉన్న చేతులు వచ్చాయి. ఎస్‌కేఎఫ్ చేతి మీద ఒత్తిడి మూడు మెట్లుగా, రంగు గుర్తులతో ఉండేది మన ఫిట్టర్లకు తెలుసు. పోగు రకం మారితే మెట్టు మార్చాలి. ఒత్తిడి తక్కువైతే పోగు జారి నూలు ఎగుడుదిగుడుగా వస్తుంది. ఎక్కువైతే రోలరు రబ్బరు తొందరగా అరుగుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. పత్తికి పెట్టిన మెట్టులోనే పాలియెస్టరు నడిపి, నూలు బాగా రాలేదని పత్తిని తిడితే ఫోర్‌మన్ ఏమంటాడో మీకు తెలుసు.

బరువు, స్ప్రింగు అనే ఆ రెండే ఇక్కడా ఉన్నాయి. రైఫిల్‌లో బోల్టు బరువు, దాని వెనక స్ప్రింగు. లోపలికి వచ్చేది మారితే దాన్ని పట్టేది కూడా మారాలి. తుపాకి మన చేతిలోంచి పోయినా దాన్ని నడిపిన వివేకం మాత్రం ఫ్రేము దగ్గర, లేతు దగ్గర మళ్లీ మొలిచింది. తుపాకి పనివాళ్లు మనలో మిగల్లేదు కానీ స్ప్రింగు మనసు తెలిసిన ఫిట్టర్లు వందల్లో ఉన్నారు.

ఇక అసలు మాట

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఈ వ్యాసం రాయడానికి అదే ముఖ్య కారణం. స్ప్రింగు గురించి మనకు తెలుసు కాబట్టి, ఇంట్లో బల్ల మీద వైసు ఉంది కాబట్టి, తుపాకి స్ప్రింగు కూడా మనమే చూసుకోవచ్చు అనిపిస్తుంది. చూసుకోకూడదు.

మొదటి కారణం చట్టం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకి తయారీకి, అమ్మకానికే కాదు, బాగుచేయడానికి, మార్చడానికి, పరీక్షించడానికి కూడా ఆ పనికి వేరే లైసెన్సు కావాలి. తుపాకి ఉంచుకునే లైసెన్సు ఉంటే చాలదు. ఎంత నైపుణ్యం ఉన్నా లేతు యజమానికి ఆ హక్కు రాదు. లైసెన్సు ఉన్న తుపాకి మెకానిక్ దగ్గరికి, క్లబ్బు ద్వారానే వెళ్లాలి.

రెండో కారణం స్ప్రింగు స్వభావం. గట్టిగా ఉందని రెండు చుట్లు కత్తిరిస్తే మెత్తబడుతుందని చాలామంది నమ్మకం. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం మనం స్కూల్లో చదివాం: ఎంత నొక్కితే అంత తిరుగు బలం. ఆ నిష్పత్తి చుట్ల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. 20 చుట్ల స్ప్రింగులో 2 కత్తిరిస్తే ప్రతి మిల్లీమీటరు నొక్కుడుకు వచ్చే బలం 11 శాతం పెరుగుతుంది. మొదట్లో వదులుగా, చివర్లో గట్టిగా తయారవుతుంది. తూటాను లోపలికి పూర్తిగా తోయాల్సిన చోట బలం చాలదు. తలుపు సరిగా మూసుకోకుండా పేలితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

కాబట్టి మన పిల్లలకు మేము చెప్పేది ఇది. తుపాకి మొరాయిస్తే ముందు శుభ్రం చేయండి. .22 గుండు మీద పూసే మైనం, సీసం, మందు మసి కలిసి బోల్టు దారిలో జిడ్డుగా పేరుకుంటాయి. సగం జబ్బులు గుడ్డతో, చుక్క నూనెతో పోతాయి. తర్వాత మ్యాగజైను చూడండి. ఆ తర్వాత తూటా మార్చి చూడండి, కోచ్ పక్కన ఉండగా, మ్యాగజైనులో రెండే తూటాలు పెట్టి. ఖాళీ డొప్పలు ఎక్కడ పడుతున్నాయో గమనించండి. ఎప్పుడూ పడే చోటుకన్నా కాళ్ల దగ్గర పడితే బోల్టుకు బలం చాలడం లేదు. మరీ దూరంగా ఎగిరిపోతే బలం ఎక్కువైంది. తయారీదారు పుస్తకంలో ఏ వేగం తూటా చెప్పాడో దానికే కట్టుబడండి. ఇన్ని చేసినా తీరకపోతే అప్పుడు స్ప్రింగు సంగతి, అదీ లైసెన్సు ఉన్న మనిషి చేత, తయారీదారు ఇచ్చే స్ప్రింగుతో.

వత్తి తుపాకి పట్టిన మన పెద్దలు చేసిందీ దాదాపు ఇదే. కొత్త మందు వస్తే ముందు కొద్దిగా పోసి చూశారు, తుపాకికి తగ్గట్టు మందును మార్చుకున్నారు, ఇనుమును ముట్టుకోలేదు. పిల్లలకు కూడా ముందు మారేది తూటా కావాలి, ఇనుము చివరి మాట.

మన భాష మాట్లాడే నేల నుంచి గురి కళలో పేరు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు ఉన్నారు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో వ్యక్తిగత రజతం, జట్టుతో కలిసి స్వర్ణం గెలిచింది. అది .22 పిస్తోలు పోటీయే. అలాంటి ఆటగాళ్లు తమ పిస్తోలుకు సరిపడే తూటా బ్యాచ్ కోసం రోజుల తరబడి పరీక్షించి ఎంచుకుంటారు. ఒకే కంపెనీ, ఒకే పేరు తూటాలో కూడా ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ తేడా ఉంటుంది.

1801 డిసెంబరు ప్రకటన తర్వాత పుట్టిన మన తరాలకు ఆయుధ పూజ నాడు బొట్టు పెట్టడానికి తుపాకి లేదు. లేతుకు పెట్టాం, స్పానరుకు పెట్టాం, మోటారుకు, రింగ్ ఫ్రేముకు పెట్టాం. ఇప్పుడు కొన్ని ఇళ్లలో లైసెన్సు కాగితంతో పాటు ఒక .22 కూడా పూజలో కూర్చుంటుంది. మంచిదే. తూటా తీసేసి, బోల్టు తెరిచి పెట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఎన్నికల సమయంలో అప్పగించమని కబురు వస్తే ఆలస్యం చేయకుండా అప్పగించి రసీదు భద్రం చేసుకోండి.

ఎన్‌సీసీ రోజుల్లో .22 కాల్చిన పెద్దవాళ్లు, మిల్లుల్లో ఫిట్టర్లుగా పనిచేసినవాళ్లు మీ అనుభవాలు కింద రాయండి. తర్వాతి వ్యాసంలో 1800 జూన్ 3 కోయంబత్తూరు దాడి గురించి వివరంగా రాస్తాం.